మాటల కూర్పు – ఏన్కూరు వాకిట భాషాశాస్త్రము

విద్య యనగా గ్రంథములయందే యుండుననియు, వ్యాకరణ మనగా పండితుల సొత్తనియు మన గృహిణులలో ననేకులకు నొక తలంపు గలదు. సంధులను, సమాసములను బాల్యమున వల్లించి, పరీక్ష ముగిసిన మరునాడే మరచినవారే మనలో నెక్కువ. అట్టివారితో, విశ్వవిద్యాలయమున కేవలము మాటల కట్టడమును గూర్చియే యొక పాఠక్రమము గలదనియు, దానిని నేర్చుటకు విద్యార్థినులును విద్యార్థులును నేటేట చేరుచున్నారనియు చెప్పినచో నాశ్చర్యము గలుగక మానదు. మాటలను విడదీసి చూచుటలో నంత చదువేమున్నది? దానివలన సంసారములకు గలుగు మేలేమి? ఈ రెండు ప్రశ్నలకును సమాధానమును పట్టణపు గ్రంథాలయములలోకంటె ఖమ్మము జిల్లాలోని ఏన్కూరు వంటి యడవియంచు గ్రామమున వెదకినచో సులభముగా దొరకును.

ఏన్కూరు ఖమ్మపు మైదానములకును భద్రాచలము వైపు సాగు నడవులకును నడుమనున్న సీమలోనిది. ఈ సీమలో మూడు భాషలు ప్రక్కప్రక్కనే వినబడుచుండును. ఊళ్లలో తెలుగు, తండాలలో లంబాడీ, గూడెములలో కోయ. గ్రామనామములే యీ సంగతిని చాటుచున్నవి. ఏన్కూరు, కల్లూరు అను పేళ్ల తుదిని "ఊరు" గలదు. జూలూరుపాడున "ఊరు"నకు పిదప "పాడు" వచ్చి చేరినది. కొత్తగూడెమున "క్రొత్త" యను విశేషణమును "గూడెము"ను గలవు. భద్రాచలమన్ననో "భద్ర", "అచలము" అను రెండు సంస్కృతపదములు సవర్ణదీర్ఘసంధి వలన నేకమైన పేరు. భద్రుని కొండ యని దాని యర్థము. ప్రయాణపు బస్సు నొసట వ్రాసియున్న పేళ్లను చదివి యీ విధముగా విడదీయగలిగిన సోదరి, తాను పేరైన నెరుగకుండ, పదనిర్మాణశాస్త్రమున మొదటి పాఠమును చదివినట్లే.

పాఠశాలలో జరుగు పని

ఈ శాస్త్రమును బోధించు తరగతిలో నుపాధ్యాయుడు మొదట సూత్రములను వల్లింపజేయడు. విద్యార్థు లెన్నడును వినని యొక భాషనుండి యిరువది మాటలను వ్రాసి, వాని యర్థములను ప్రక్కన నిచ్చును. ఏ యక్షరముల గుంపు ఏ యర్థముతో మరల మరల వచ్చుచున్నదో కనిపెట్టుట విద్యార్థుల పని. అర్థము గలిగి, ఇక విడదీయుటకు వీలులేని మిక్కిలి చిన్న తునుకకు "పదాంశము" అని పేరు. ఒక్క పదాంశమే వేర్వేరు తావుల వేర్వేరు రూపములను దాల్చినచో నా రూపములు "సపదాంశములు". ఉన్న మాటకు క్రొత్త యర్థమిచ్చి వేరొక మాటను పుట్టించుట యొక మార్గము. వాక్యములో నిలుచుటకై మాటకు విభక్తియో, వచనమో, కాలమో తగిలించుట మరియొక మార్గము. పాఠక్రమమంతయు నీ నాలుగు భావములపైననే నడచును. దీనికి సంస్కృతపాండిత్యము తప్పక యుండవలెనను నియమము లేదు. బియ్యములో రాళ్లేరునంతటి యోపిక యుండిన చాలును.

మన భాషకు నీ విద్య క్రొత్తయు గాదు. పరవస్తు చిన్నయసూరి 1858లో వెలువడిన బాలవ్యాకరణమున నీ విభజననంతను దనదైన మార్గమున చేసియున్నాడు. అందలి యొక విషయమును మన వంటయింటినుండియే చూతము. "రోలు" అందుము, కాని "రోలు పచ్చడి" యనము, "రోటి పచ్చడి" యందుము. అట్లే ఇంటి కోడలు, ఏటి నీరు, నోటి మాట, కంటి చూపు. ఇల్లు, ఏరు, నోరు, కన్ను అను మాటల తుదిని "టి" యెక్కడనుండి వచ్చినది? చేయి, నూయి అను మాటలు చేతి గాజులు, నూతి నీరు అనునపుడు "తి"ని గైకొనుచున్నవి. ఊరు, కాలు అను మాటలు ఊరి పెద్ద, కాలి మెట్టె యనునపుడు "ఇ"తో సరిపెట్టుకొనుచున్నవి. ఈ ఇ, టి, తి అను మూటికిని చిన్నయసూరి "ఔపవిభక్తికములు" అని పేరిడెను. పని యొక్కటే, రూపములు మూడు. నేటి విశ్వవిద్యాలయపు టుపాధ్యాయుడు సపదాంశములని చెప్పునది యిదియే. మనము పుట్టినది మొదలు నొక్కనాడును తప్పకుండ పలుకుచున్న నియమమిది. దానిని మనకెవ్వరును నేర్పినవారు లేరు.

క్రియలలో నీ కూర్పు మరింత వింతగా నుండును. తల్లి "తినెను". బిడ్డకు "తినిపించెను". వృద్ధురాలై మంచమున నున్నపుడు కోడలిచేత "తినిపించుకొనెను". ఒక్క "తిను" ధాతువునకు "పించు", "కొను" అను రెండు తునుకలు చేరుసరికి నొక స్త్రీ జీవితమే మూడు మాటలలో నిమిడినది. ఇంగ్లీషున నింత యర్థమును చెప్పుటకు నాలుగైదు మాటలు విడివిడిగా గావలయును. ఇట్లు తునుక తరువాత తునుకను వరుసగా నంటించుకొనుచు పోవు భాషలను సంశ్లిష్టభాష లందురు. ఏ తునుక ముందో, ఏది వెనుకనో ఆ వరుసయు మారరాదు.

స్త్రీలకు సంబంధించిన యొక ప్రత్యయమును గూడ చూడదగును. "ఆలు" అనగా స్త్రీ, భార్య. ఇల్లు, ఆలు కలిసి "ఇల్లాలు" అయినవి. పేద యను మాటకు "ఆలు" పరమైనపుడు నడుమ రేఫమొకటి వచ్చి "పేదరాలు" అగును. దీనినే రుగాగమ మందురు. మనుమరాలు, స్నేహితురాలు, గుణవంతురాలు అనునవి యీ తరగతివే. స్త్రీలు సభలలోను సంఘములలోను పదవుల నందినపుడు సభ్యురాలు, అధ్యక్షురాలు, ఉపాధ్యాయురాలు అను మాటలు వెంటనే పుట్టినవి. ఎవ్వరును సభచేసి వానిని నిర్ణయింపవలసిన పని లేకపోయెను. భాషలో నచ్చు సిద్ధముగా నున్నందున క్రొత్త మాట యందు పోతపోసినట్లు వచ్చినది.

ఒడిలోని వ్యాకరణవేత్త

పసిబిడ్డలు మాటలను వినినవి వినినట్లు చిలుకవలె పలుకుదురని చాలమంది తలంతురు. ఇది సరికాదని 1958లో జీన్ బెర్కో అను నమెరికా యువతి చక్కని యుపాయమున చూపినది. ఆమె లోకమున లేని యొక చిన్న జంతువు బొమ్మను గీసి, దానికి "వగ్" అని పేరుపెట్టి, నాలుగు మొదలు ఏడేండ్ల వయసుగల బిడ్డలకు చూపెను. పిదప నట్టివే రెండు బొమ్మలను చూపి, ఇవి యేమని యడిగెను. బిడ్డలు మిక్కిలి తరచుగా నింగ్లీషు బహువచనపు తునుకను సరిగా చేర్చి పలికిరి. లేని జంతువు పేరును బహువచనమున వారెన్నడును వినియుండరు గదా! కావున వారు నేర్చినది మాటలను మాత్రమే గాదు, మాటలను గట్టు నియమమును.

ఈ పరీక్షను మన యింట మన భాషలో చేయవచ్చును. ఒక బొమ్మకు "టిప్పి" యని పేరిడి, రెండు బొమ్మలను చూపి యడుగుడు. బిడ్డ "టిప్పులు" అనినచో, పిల్లి–పిల్లులు, బల్లి–బల్లులు, నది–నదులు అనుచోట్ల ఇకారము ఉకారముగా మారునను నియమము బిడ్డ మనసున నాటుకొన్నదని యెరుగవలెను. "ఇల్లు"నకు "ఇల్లులు" అనియు, "చేయి"కి "చేయిలు" అనియు బిడ్డ పలికినచో నవ్వి కసరరాదు. సామాన్యనియమము బిడ్డకు పట్టుబడినది. అపవాదములు మాత్రమే యింకను రావలసియున్నవి. ఆ తప్పు తెలివితక్కువకు గురుతు గాదు, తెలివికే గురుతు. దిద్దవలెనన్న, మాటలో "అవును, ఇండ్లు చాల నున్నవి" అని సరియైన రూపమును మరల వినిపించిన చాలును.

వంటయింటిలో పరిశీలింపదగిన విషయములు మరియును గలవు. పాలు, నీళ్లు, వడ్లు, కందులు, పెసలు బహువచనములు; పెరుగు, నెయ్యి, ఉప్పు, చింతపండు ఏకవచనములు. "పాలు విరిగినవి", "పెరుగు పులిసినది" అని మనము తడుముకొనకుండ పలుకుదుము. పాలే తోడుకొని పెరుగైనను వచనము మారినది. వస్తువు స్వభావమునకును మాట స్వభావమునకును ముడి లేదని యీ చిన్న యుదాహరణమే నేర్పుచున్నది.

గూడెపు భాషతో మన చుట్టరికము

ఇక నసలు విషయమునకు వచ్చుచున్నాను. ఏన్కూరు సీమలో కోయభాష వినబడునపుడు, అది యడవిమాట యనియు, దానికి వ్యాకరణము లేదనియు, చెడిన తెలుగనియు పలుకువారు గలరు. పదనిర్మాణశాస్త్రము నేర్చినవా రామాటను నమ్మజాలరు.

ఒంగోలున 1928లో జన్మించిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున 1957లో డాక్టరు పట్టము నందిరి. తెలుగు క్రియాధాతువులను గూర్చి వారు రచించిన గ్రంథము 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయముచే ప్రకటింపబడినది. ధాతువులను తునుకలుగా విడదీసి, సోదరభాషలతో పోల్చి, వారు తేల్చిన సంగతి యేమనగా: తెలుగునకు మిక్కిలి దగ్గర చుట్టములు తమిళ కన్నడములు గావు, గోండు, కొండ, కుయి, కువి మొదలగు గిరిజన భాషలే. కోయ గోండునకు జెందిన పలుకు. అనగా గూడెములోని కోయ తల్లి భాషయు, ఊరిలోని మన భాషయు నొక్క కొమ్మన బూచినవి. తండాలోని లంబాడీ మాత్రము వేరు వంశమునకు జెందినది. దాని చుట్టములు రాజస్థానీ, గుజరాతీ మున్నగు నుత్తరదేశ భాషలు.

ఈ చుట్టరికమునకు సాక్ష్యములలో నొకటి మన రోలే. తమిళులు "ఉరల్" అందురు, మనము "రోలు" అందుము. వారు "ఇరండు" అందురు, మనము "రెండు" అందుము. తొలి యచ్చు స్థానము తప్పి, హల్లు ముందునకు దూకినది. ఈ దూకుడు తెలుగునను, గోండు కుయి మొదలగు భాషలయందును గనబడుచుండగా, తమిళ కన్నడములయందు లేదు. మరియొక సాక్ష్యము "ఏరు". మనకు ఏరనగా పారెడు వాగు. గోండు కోయలలో నామాటకు నీరని యర్థము. దాహమునకు గోరు నీటిని కోయబిడ్డ "ఏరు" అనినపుడు, అది తప్పు తెలుగు గాదు; మన మాటకు తోబుట్టువు.

స్త్రీలమగు మనకు మిక్కిలి యాసక్తి గలిగించునది లింగవిషయము. తెలుగున "అతడు వచ్చుచున్నాడు", "ఆమె వచ్చుచున్నది", "ఆవు వచ్చుచున్నది" అందుము. ఏకవచనమున స్త్రీకిని ఆవునకును క్రియ యొక్కటే. బహువచనమున నన్ననో "పురుషులు వచ్చుచున్నారు", "స్త్రీలు వచ్చుచున్నారు", "ఆవులు వచ్చుచున్నవి". ఇచట స్త్రీలు పురుషుల పంక్తిని జేరిరి. గోండు, కోయ, కొండ భాషలలో నట్లుగాదు. ఏకవచనమునను బహువచనమునను స్త్రీవాచకములు పురుషేతరముల పంక్తియందే యుండును. అదియే మూలద్రావిడమునందలి పురాతన పద్ధతి యనియు, బహువచనమున స్త్రీపురుషుల నొక్కటిగా జేయుట తెలుగు తరువాత నేర్చిన మార్పనియు కృష్ణమూర్తిగారి యభిప్రాయము.

ఇది విని కోయలు స్త్రీలను చులుకన జేయుదురని యనుకొనరాదు. ఏకవచనమున మనమును నదే చేయుచున్నాము గదా! వ్యాకరణపు పంక్తి వేరు, సంఘమున మన్నన వేరు. కాని మనము దినమును పలుకు నొక చిన్న క్రియాంతమున వేల యేండ్ల చరిత్ర యున్నదనియు, ఆ చరిత్రలో మొదటి పుట గూడెములో నేటికిని చదువబడుచున్నదనియు దెలిసికొనుట చిన్న లాభము గాదు.

బడి గడపయొద్ద బిడ్డ

2011 జనాభా లెక్కలలో కోయను మాతృభాషగా జెప్పినవారు నాలుగు లక్షలకు బైగా నుండిరి. కోయలలో ననేకులు నేడు తెలుగే మాట్లాడుచున్నారు. గూడెములలో గొన్నింట ముసలివారికి దెలిసిన భాష మనుమలకు రాకున్నది. ఇందునకు గారణములు పెక్కు. వానిలో నొకటి బడిలో నెదురగు నవమానము. ఇంట నైదేండ్లు కోయలో నూహించి, కోయలో నడిగి, కోయలో నేడ్చిన బిడ్డ తొలిదినమున బడికి వచ్చి నోరు విప్పినపుడు తోడి పిల్లలు నవ్వినచో, ఆ బిడ్డ నోరు మూసికొనును. ఉపాధ్యాయుడు మందమతి యనుకొనును. బిడ్డ తనయందు దానే సందేహపడును. వాస్తవమున నా బిడ్డ యొక సమగ్రమైన వ్యాకరణమును మనసున మోసికొని వచ్చినది.

ఈ కష్టమును దెలిసికొనియే యుమ్మడి యాంధ్రప్రదేశ ప్రభుత్వము 2004 ప్రాంతమున కోయ, గోండు, కొలామి, సవర, కొండ, కువి, ఆదివాసి ఒరియా, బంజారా అను నెనిమిది భాషలలో తొలి తరగతులకు తెలుగు లిపితో వాచకములను సిద్ధపరచినది. 2020 నాటి జాతీయ విద్యావిధానమును వీలైనంతవరకు నైదవ తరగతిదాక నింటిభాషలోనే బోధింపవలెనని సూచించినది. ఇట్టి వాచకము వ్రాయవలెనన్న మాటల కట్టడము దెలిసినవారు గావలయును. ఏది ధాతువో, ఏది ప్రత్యయమో, ఎచట విడదీసి వ్రాయవలెనో నిర్ణయింపక పుస్తకము సాగదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో సవరబిడ్డల చదువునకై సవరభాషను నేర్చి, 1931లో దాని వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించుట యీ యగత్యము వలననే. కోయకును స్టీఫెన్ టైలర్ అను నమెరికా పండితుడు వ్రాసిన వ్యాకరణము 1969లో వచ్చినది. దూరదేశస్థుడు వచ్చి నేర్చిన భాషను ప్రక్కగూడెమున నున్న మనము వినకపోవుట న్యాయమా?

ఎచట చదువవచ్చును?

ఉస్మానియా విశ్వవిద్యాలయమున 1962లో భాషాశాస్త్రశాఖ నేర్పడినది. కృష్ణమూర్తిగారే దానికి తొలి యాచార్యులు. హైదరాబాదు విశ్వవిద్యాలయమునను ఈ శాస్త్రమునకు బ్రత్యేక కేంద్రము గలదు. ఏన్కూరునుండి హైదరాబాదు రెండువందల కిలోమీటరులకు బైబడిన దూరము. ఇల్లు, పిల్లలు, పొలము విడిచి పోవుట యందరకును సాధ్యము గాదు. అట్టివారికి 2017లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన "స్వయం" అను నింటర్నెట్ విద్యావేదికపై భాషాశాస్త్రపు పాఠములు ఉచితముగా లభించును. యోగ్యతాపత్రము గావలసినవారు మాత్రము పరీక్షకు రుసుము చెల్లింపవలెను. పాఠములు చాలవరకింగ్లీషున నుండుట యొక యడ్డంకియే. కాని కూతురో కోడలో ప్రక్కన గూర్చుండి చదివి చెప్పినచో, ఉదాహరణములను మనమే తెలుగున సమకూర్చుకొనవచ్చును. అట్లు చదివిన పాఠము మరపునకు రాదు.

చేరలేనివారును ఊరకుండనక్కరలేదు. ఆంధ్రప్రదేశ సాహిత్య అకాడమి ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశమున మొదటి సంపుటము, 1962లో వచ్చినది, రైతుల నోటినుండి సేకరించిన వ్యవసాయపదములతో నిండినది. 1971లో చేనేతపదముల సంపుటము వచ్చినది. పొలములకును మగ్గములకును పోయి మాటలను వినుటవలననే యవి సిద్ధమైనవి. అట్లే ప్రతి గృహిణియు నొక చిన్న నోటుపుస్తకము నుంచుకొనవచ్చును. ఒక పుటలో దన బిడ్డ యే వయసున నే రూపమును పలికినదో తేదీతో వ్రాయవలెను. మరియొక పుటలో నత్తగారి నోట మాత్రమే వినబడు పాత మాటలను, దంపుడు, విసురుడు, చెరుగుట, జల్లించుట మున్నగు పనుల పదములను, వాని బహువచనముతోను, "టి", "తి" రూపములతోను వ్రాయవలెను. మూడవ పుటను పనిపాటలలో గలియు కోయ, లంబాడీ సోదరీమణుల మాటలకు విడువవలెను. "దీనిని మీలో నేమందురమ్మా? రెండైన నేమందురు?" అని యడుగుటకు వ్యాకరణపండితురాలు గానక్కరలేదు. అడుగబడిన యామెకు దన భాష యడుగదగినదని తెలియును. అడిగిన మనకు మన భాష మూలము తెలియును. రాసిన మాటలను చెప్పినవారి యనుమతితోనే యితరులకు చూపవలెను. వారి భాష వారిది.

మాటలను విడదీయు విద్యవలన సంసారమునకు మేలేమని మొదట నడిగితిమి. తన బిడ్డ తప్పులో దెలివిని జూడగలుగుట యొక మేలు. పొరుగు బిడ్డ పలుకులో దన చుట్టరికమును జూడగలుగుట రెండవది. మొదటిది మన యింటిని, రెండవది మన యూరిబడిని చక్కబరచును. ఈ మాసమున నోటుపుస్తకమును మొదలిడిన సోదరీమణులు, తమకు దొరకిన వింత రూపములను ఇరుగుపొరుగువారితో ముచ్చటించి, గూడెపు బిడ్డ మాటకు మరల నెవ్వరైన నవ్వినచో నా నవ్వు నాపుదురుగాక.